కుందేళ్లు తగ్గాయా, మనకి కనపడటం తగ్గిందా? (ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు)

వంశధార గట్టు:
మాది కాశీనగర్ దగ్గర పల్లె. మొన్న ఓ పెళ్లిలో మా చిన్న మావయ్య (ఒకప్పుడు షికారుకి తిరిగినవాడే, ఇప్పుడు మోకాళ్లు సహకరించవు) “కుందేలనేది పోయిందిరా, మీ పిల్లలకి పుస్తకంలో బొమ్మ చూపించుకోవాల్సిందే” అన్నాడు. పక్కనే ఆకు ముందు కూర్చున్న ఆయన బామ్మర్ది “పోవడమేటి? నా మినప చేను సగం కొరికేసింది ఎవరు మరి, నువ్వా?” అన్నాడు. ఇద్దరి పొలాలకీ మధ్య ఉన్నది ఒకటే గట్టు. పెరుగన్నం దాకా అదే తగువు. మీ వైపు ఎలా ఉందో చెప్పండి. షెడ్లలో పెంచే తెల్ల కుందేళ్ల గురించి కాదు, మెడ వెనక నల్ల మచ్చ ఉండే మన చేల కుందేలు గురించి.

నిర్వాహకుడు:
ముందే చెప్తున్నాను. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం కుందేలు వేట నేరం. మూడేళ్ల దాకా జైలు, 2022 సవరణ తర్వాత జరిమానా లక్ష దాకా. ఉచ్చు ఎలా కట్టాలి, మాంసం ఎక్కడ దొరుకుతుంది అన్న రాతలు కనిపిస్తే తీసేస్తాను. చూసింది రాయండి, పాత కబుర్లు చెప్పుకోండి, అంతే.

పాత టార్చి:
తగ్గాయి. ఇందులో చర్చేముంది? 1980ల్లో మా నాన్నతో గుణుపురం అవతల కొండ వారన తిరిగేవాణ్ణి. అమావాస్య దగ్గర పడితేనే బయల్దేరేవాళ్లం, వెన్నెల్లో లైటుకి అది ఆగదు. ఒక గట్టు మొదలుకొని చెరువు చుట్టి ఇంటికొచ్చేసరికి నాలుగైదు చోట్ల ఎర్రగా కళ్లు మెరిసేవి. అన్నిట్నీ కొట్టామని కాదు, చూశామని అంటున్నాను. నేను మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు చేలో మోటారు ఆపడానికి అదే దారిన పోతాను. ఒకటి కనిపిస్తే ఆ వారం గొప్ప.

కొండదారి బైకు:
బాబాయ్, నేనొప్పుకోను. పర్లాకిమిడిలో షాపు కట్టేసి రాత్రి పదిన్నరకి ఇంటికొస్తాను, రోజూ. రోడ్డు మీద రెండు మూడు ఎదురవని రోజు తక్కువ. బండి లైటు పడిందంటే పక్కకి పోకుండా లైటులోనే ముందు పరిగెడుతుంది పిచ్చిది. 2018లో తిత్లీ తుఫాను మా వైపు జీడి తోటల్ని పడుకోబెట్టేసింది కదా. మళ్లీ మొక్కలు వేసేలోపు ఆ జాగా అంతా పొదలు అల్లుకుపోయింది. అప్పట్నుంచే ఎక్కువయ్యాయని నా లెక్క. మీరు పొలంలో వెతుకుతున్నారు, అవి తోటల్లో ఉన్నాయి.

పాత టార్చి:
లెక్క అంటున్నావు గనక లెక్కే చెప్తాను, విను. అప్పుడు నా చేతిలో ఉన్నది మూడు బ్యాటరీల టార్చి. బ్యాటరీ నీరసించాక దాని వెలుగు బెల్లం ముక్కలా పసుపుగా, ఇరవై ముప్పై అడుగులు దాటేది కాదు. ఇప్పుడు మా మనవడు తలకి కట్టుకునే ఎల్ఈడీ లైటు వేస్తే చెరువు అవతలి గట్టు మీద మేక కన్ను కూడా కనిపిస్తోంది. అంత చిన్న వెలుగులో నాలుగైదు చూసినవాణ్ణి, ఇంత పెద్ద వెలుగులో ఒకటి చూస్తున్నాను. అప్పుడూ ఇప్పుడూ సమానంగా కనిపించినా తగ్గినట్టే లెక్క. మరి ఒకటే కనిపిస్తే? నీ బండి లైటు కూడా ఆ కాలపు బండి లైటు కాదు, అది కూడా చూసుకో.

కొండదారి బైకు:
ఇది నాకు తట్టలేదు. అయినా నా మూడు కుందేళ్లు నావే 😄

ప్రాణహిత ఒడ్డు:
మహారాష్ట్రల ఉన్న సిరొంచ నుంచి రాస్తున్న. మా దిక్కు చెవులపిల్లి అంటం, బజార్ల మరాఠోళ్లు ససా అంటరు. మా కాడ గూడ ఇదే పంచాయితి. పత్తి ఏరినంక చేన్లకు పోతే కనవడుతయ్, వానాకాలం ఒక్కటి కనవడది. గంతమాత్రాన వానాకాలం సచ్చిపోయినట్టా? నాకు ఎరుక ఉన్నంతల ఎక్కువైంది ఊరకుక్కలే. ఊరవతల కోళ్ల వ్యర్థం పారబోస్తున్నరు, దానికి అలవాటైన కుక్కలు తెల్లారేసరికి చేన్ల పొంటి గుంపులు గుంపులుగ తిరుగుతున్నయ్. మనిషి అమాసకోపారి పోతడు, కుక్క దినాం పోతది.

గుణుపురం మాస్టారు:
ప్రాణహిత ఒడ్డు గారు కుక్కల సంగతి ఎత్తారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. కుందేలు బొరియ తవ్వదు. చాలామంది సినిమాల్లో, బొమ్మల్లో చూసి తవ్వుతుందనుకుంటారు, అది విదేశీ రకం అలవాటు. మనది గడ్డి దుబ్బు పక్కన నేలని ఒంటితో అదిమి, రెండు చేతులు దోసిలి పట్టినంత పల్లం చేసుకుని పగలంతా అందులోనే చెవులు వీపుకి అంటించి పడుకుంటుంది. మీరు రెండడుగుల దూరంలోకి వచ్చేదాకా లేవదు. లేచాక ఆ పల్లంలో చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది. పిల్లలు కూడా బయటే పుడతాయి, ఒకటో రెండో, మహా అయితే నాలుగు. పుట్టినప్పుడే బొచ్చు ఉంటుంది, కళ్లు తెరిచే ఉంటాయి. పగలు తల్లి వాటి దగ్గర ఉండదు. అంటే దానికి ఉన్న గోడా కప్పూ ఆ గడ్డి దుబ్బే.

ఇప్పుడు మన గట్లు చూడండి. నా చిన్నప్పుడు గట్టు మీద మోకాలెత్తు గడ్డి, దర్భ, రేగు పొదలు. కొడవలితో కోసి పశువులకి వేసేవారు, మళ్లీ మొలిచేది. ఇప్పుడు పశువులూ లేవు, కోసే కూలీ గిట్టుబాటూ కాదు. ఒక డబ్బా గడ్డిమందు కొడితే వారానికి గట్టు ఎండుగడ్డి రంగులో మాడిపోతుంది. కొండ వారన మొక్కజొన్న, గుణుపురం వైపు పత్తి పెరిగాక ఈ మందు ఇంకా పెరిగింది. కుందేలు తినడానికి మన చేలో ఏ లోటూ లేదు, పడుకోవడానికే చోటు లేదు. అందుకే బైకు బాబుకి జీడి పొదల దగ్గర కనిపిస్తున్నాయి, టార్చి గారికి చేలో కనిపించడం లేదు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. కాకపోతే మొత్తం మీద తగ్గాయనే నా నమ్మకం. గట్లు కోల్పోయినంత జాగా తోటలు తిరిగి ఇవ్వలేదు.

మినప చేను సంగతి. కొరికింది కుందేలేనా అని చూశారా? కుందేలు కొరికిన కాడ కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది. మేక తింటే పీకినట్టు పీచులు వేలాడతాయి.

సీతంపేట సంత:
ఏం మాట్లాడినా చివరికి గట్టు, గడ్డిమందు. అసలు సంగతి ఎవరూ ఎత్తట్లేదు. చైత్రమాసంలో కొండ మీది ఊళ్లకి ఊళ్లు వేటకి దిగితే ఇంకేం మిగులుతాయి?

పాత టార్చి:
చైత్ర వేట మా తాత పుట్టకముందు నుంచీ ఉంది. పండగ నాలుగు రోజులూ బాణాలు పట్టుకుని అరుచుకుంటూ పోతారు, సగం జంతువులు ఆ అరుపులకే అవతలి కొండెక్కేస్తాయి. దాన్ని నేను సమర్థించట్లేదు. కానీ కొత్తగా వచ్చిందేమిటి? అడవిపందుల కోసమని చేను చుట్టూ బిగించే తీగ. అది పండగ చూడదు, పంది అనీ కుందేలు అనీ చూడదు, ఏడాదంతా ఉంటుంది. ఆ తీగలు కట్టింది కొండవాళ్లు కాదు బావూ, మనమే. నేను చూసినవి చెప్తున్నాను.

సీతంపేట సంత:
అలాగైతే అటవీ శాఖ లెక్క ఏమంటోందో చూస్తే సరిపోతుంది కదా.

గుణుపురం మాస్టారు:
ఏ లెక్క? పులుల గణన 2006 నుంచి నాలుగేళ్లకోసారి జరుగుతోంది, అది పులుల అడవులకి సంబంధించినది. మన గట్ల మీద కుందేళ్లని లెక్కపెట్టడం దాని పని కాదు. ప్రపంచ స్థాయి జాబితాలో మన కుందేలు అంతరించే ప్రమాదం లేని వరుసలోనే ఉంది. అది ఆ జాతి మొత్తానికి సంబంధించిన మాట, కాశీనగర్ గట్టుకి కాదు. తెలుసుకోవాలంటే పెంట చూడటం తేలిక. శనగ గింజంత, గుండ్రంగా, కొంచెం అణిగినట్టు, ఎండుగడ్డి రంగులో ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే పొట్టులా రాలుతుంది. మేకది నల్లగా కోలగా ఉంటుంది, పొరబడరు. గట్టు మీద అక్కడక్కడ పుల్లలు పాతి, చుట్టూ ఊడ్చేసి, వారం తర్వాత చూడండి.

వంశధార గట్టు:
మాస్టారూ, చేశాను. పది పుల్లలు. ఐదు మావయ్య వైపు పొలంలో, ఐదు బామ్మర్ది గారి వైపు. ఊడ్చి వారం ఆగాను. మావయ్యది గడ్డిమందు కొట్టిన గట్టు, ఐదింటిలో ఒక్క దగ్గరా ఏమీ లేదు. బామ్మర్ది గారిది చెరువు వైపు, గడ్డి కోయక వదిలేసిన చోటు. అక్కడ నాలుగు పుల్లల దగ్గర పడి ఉంది. మినప కాడలు కూడా చూశాను, ఏటవాలు కోత.

ఫలితం చెప్దామని ఇద్దర్నీ తీసుకెళ్లాను. బామ్మర్ది గారు “చూశావా బావా” అన్నారు. మావయ్య వంగి ఒక గింజ తీసి నలిపి, వాసన చూసి, “నిన్న రాత్రిదే. కానీ ఇదంతా ఒక్కదానిదే. ఒక్క కుందేలు రాత్రికి వందల గింజలు వేస్తుంది” అన్నాడు. ఆయన “రెండు ఉంటాయి” అన్నారు. ఈయన “ఒకటే” అన్నాడు. నేను చీకటి పడుతోందని ఇద్దర్నీ బండెక్కించాను. ఒకటో రెండో ఎలా తేల్చాలో ఎవరికైనా తెలిస్తే రాయండి, వచ్చే నెల మళ్లీ ఓ పెళ్లి ఉంది.