కౌంటర్ దగ్గర కట్టిన బ్యాగు డబ్బులు, వాడుకోలేని మైల్స్: మీరు ఎలా లెక్క వేసుకుంటారు?

సూట్‌కేసు

అందరికీ నమస్కారం. పోయిన నెల అమ్మానాన్నలు నా దగ్గరికి వచ్చారు. నాలుగు రోజులు వెతికి, అన్నిటికన్నా తక్కువ ధర కనిపించిన టికెట్లు నేనే కొన్నాను. అదే ఎయిర్‌లైన్స్‌లో ఇదివరకు మనిషికి 23 కిలోల బ్యాగు ఇచ్చేవారు, ఇప్పుడూ అంతే అనుకున్నాను. కానీ నేను కొన్నది 'లైట్' ఫేర్. దాంట్లో చేతి బ్యాగు తప్ప ఇంకేమీ ఉండదట. ఆ సంగతి వాళ్లకి కౌంటర్ దగ్గర తెలిసింది. వెనక క్యూ పెరిగిపోతోంది. నాన్న నేల మీద కూర్చుని పెట్టె తెరిచి, మడతపెట్టిన బట్టలు తీసి చేతి సంచిలో కుక్కుతున్నారు. అమ్మ ఫోన్ చేసి "ఇప్పుడేం చేయమంటావురా?" అంది. ఆవిడ గొంతులో వణుకు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

చివరికి కట్టిన డబ్బు ఒక టికెట్ ధరలో సగం దాటింది. ముందురోజు ఆన్‌లైన్‌లో ఆ బ్యాగులు కొనుంటే ఇందులో చాలా మిగిలేది.

ఇంకో సందేహం. వాళ్ల తిరుగు ప్రయాణానికి నేను ఏళ్లుగా కూడబెట్టిన మైల్స్ (ఎయిర్‌లైన్స్ తమ ప్రయాణికులకి ఇచ్చే పాయింట్లు) వాడదామని చూశాను. మైల్స్ సరిపోతున్నాయి, కానీ వాటి పైన 'క్యారియర్ సర్‌చార్జి' పేరుతో పెద్ద మొత్తం అడుగుతోంది. ఉచిత టికెట్ అంటే ఇదేనా? తెలిసినవాళ్లు చెప్పండి, తారీఖు దగ్గర పడుతోంది.

కిటికీసీటు

అమ్మగారి ఫోన్ సంగతి చదివి మనసు చివుక్కుమంది. మీ ఒక్కరికే జరిగింది కాదండి ఇది. 2008లో చమురు ధర మండిపోతున్నప్పుడు అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదటి చెకిన్ బ్యాగుకి కూడా ఫీజు పెట్టింది, అక్కడి మిగతా పెద్ద సంస్థలు చాలావరకు అదే దారి పట్టాయి. తర్వాత చమురు దిగింది. ఫీజు దిగలేదు. ఇప్పుడు బ్యాగు, సీటు, కొన్నిచోట్ల చేతి సామాను కూడా విడివిడిగా అమ్ముతున్నారు.

నేను టికెట్ కొనేముందు ఒక కాగితం తీసుకుంటాను. టికెట్ ధర, రానూపోనూ బ్యాగు ఖర్చు, పక్కపక్కన సీట్లు కావాలంటే ఆ ఖర్చు, కార్డుతో కడితే పడే అదనం, ఊరికి దూరంగా ఉన్న విమానాశ్రయంలో దిగితే అక్కడి నుంచి టాక్సీ. అన్నీ కూడాక చాలాసార్లు మూడో స్థానంలో కనిపించిన టికెట్టే చౌక అవుతుంది. పది నిమిషాల పని.

కట్టేటప్పుడు ఇంకొకటి చూసుకోండి. విదేశీ సైటులో "మీ సొంత కరెన్సీలో కట్టండి" అని అడిగితే వద్దని, టికెట్ ఏ కరెన్సీలో ఉందో అందులోనే కట్టండి. ఆ మార్పిడి రేటు దాదాపు ఎప్పుడూ మనకి నష్టమే. అయితే మీ కార్డుకి విదేశీ లావాదేవీ ఫీజు ఎంతో ముందే తెలుసుకోండి.

రాత్రిఫ్లైట్

బ్యాగుల గురించి నా వంతు. కొక్కేనికి తగిలించి తూచే చిన్న తూకం ఇంట్లో పెట్టుకోండి. ఫీజు కట్టడానికి సిద్ధంగా ఉన్నా ఒక్క బ్యాగు 32 కిలోలు దాటితే చాలా సంస్థలు తీసుకోవు, మోసే సిబ్బంది నడుముకి ప్రమాదమని ఆ హద్దు పెట్టారు. బరువు ఒక్కటే చూస్తే చాలదు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటినా చాలాచోట్ల ఓవర్‌సైజ్ కింద వేస్తారు.

దీనికన్నా పెద్ద దెబ్బ నేను తిన్నది వేరు. రెండు వేర్వేరు సంస్థల టికెట్లు విడివిడిగా కొని, మధ్యలో మూడు గంటలు సరిపోతుందనుకున్నాను. మొదటి విమానం రెండు గంటలు ఆలస్యం. నా బ్యాగు రెండో విమానానికి దానంతట అది వెళ్లదు, నేనే తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి. బెల్ట్ దగ్గర నిలబడి గడియారం చూస్తూనే ఉన్నాను. నా బ్యాగు వచ్చేసరికి అవతల కౌంటర్ మూసేశారు. రెండో టికెట్ మొత్తం పోయింది, ఎవరూ బాధ్యత తీసుకోలేదు. ఒకే టికెట్ మీద రెండు విమానాలూ ఉంటే తర్వాతి దాంట్లో ఎక్కించే పూచీ వాళ్లది. ఆ కాస్త ఎక్కువ ధర ఆ పూచీకే. పెద్దవాళ్లని పంపేటప్పుడు విడి టికెట్ల జోలికి అసలు వెళ్లొద్దు.

రానూపోనూ టికెట్‌లో మొదటి విమానం ఎక్కకపోతే మిగతావన్నీ కూడా సాధారణంగా రద్దయిపోతాయి. ఇది తెలియక తిరుగు ప్రయాణం రోజు విమానాశ్రయానికి వెళ్లి, పేరు లేదనిపించుకుని వెనక్కి వచ్చినవాళ్లు నాకు తెలుసు.

మైల్స్‌ఖాతా

సూట్‌కేసు గారూ, మీ సర్‌చార్జి ప్రశ్నకి జవాబు చెప్తాను. కాస్త పొడుగవుతుంది.

అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో అడ్వాంటేజ్ పథకం మొదలుపెట్టినప్పుడు ఎగిరిన దూరాన్ని బట్టి మైల్స్ ఇచ్చేవారు, పేరు కూడా అందుకే వచ్చింది. ఇప్పుడు చాలా పథకాల్లో మనం కట్టిన డబ్బుని బట్టే ఇస్తున్నారు. అంటే మైల్స్ కూడా ఆ సంస్థ అచ్చువేసే ఒక రకం నోటు. దాని విలువ ఏ రోజైనా వాళ్లు తగ్గించుకోవచ్చు.

మైల్స్ టికెట్ మీద రెండు రకాల డబ్బు పడుతుంది. ఒకటి ప్రభుత్వం, విమానాశ్రయం తీసుకునే పన్నులు, వీటిని తప్పించుకోలేం. రెండోది సంస్థ తనకోసం వేసుకునే సర్‌చార్జి. టికెట్ వివరాల్లో వైక్యూ, వైఆర్ అనే కోడ్‌లతో కనిపించేది ఎక్కువగా ఇదే. కొన్ని సంస్థలు దీన్ని భారీగా వేస్తాయి, కొన్ని అసలు వేయవు. అందుకని మీ మైల్స్‌తోనే అదే కూటమిలోని ఇంకో సంస్థ విమానం వెతకండి. 1997లో స్టార్ అలయన్స్, 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్ అనే ఎయిర్‌లైన్స్ కూటములు వచ్చాయి. వీటిలో ఒక సభ్య సంస్థ మైల్స్‌తో మరో సభ్య సంస్థ సీటు తీసుకోవచ్చు. అదే దారి, అన్నే మైల్స్, కానీ సర్‌చార్జి చాలా తక్కువ పడిన సందర్భాలు నాకే మూడున్నాయి. సైటులో కనిపించకపోతే ఫోన్ చేసి అడగండి.

వాడాలా వద్దా అన్నది ఇలా తేల్చుకుంటాను. డబ్బుతో కొంటే 40,000 అవుతుందనుకోండి, ఏ కరెన్సీ అయినా సరే. మైల్స్‌తో తీసుకున్నా 15,000 కట్టాలి. మిగిలింది 25,000. దానికి 50,000 మైల్స్ ఖర్చవుతుంటే ఒక్కో మైలుకి 0.50 విలువ వస్తోందన్నమాట. ఈ లెక్క నాలుగైదు తారీఖులకి వేసి చూడండి, ఎక్కడ మైల్ బలంగా ఉందో మీకే తెలిసిపోతుంది.

గడువు కూడా చూసుకోండి. డెల్టా మైల్స్‌కి గడువు లేదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్ మైల్స్ మామూలుగా మూడేళ్లు. కొన్నిచోట్ల ఖాతాలో కదలిక లేకపోతే మొత్తం పోతుంది. "పెద్ద ప్రయాణానికి వాడదాం" అని ఆరేళ్లు దాచిన నా మైల్స్ ఒక సంస్థలో అలాగే సున్నా అయ్యాయి. దానికి ముందు వాళ్లు పంపిన హెచ్చరిక మెయిల్ నేను తెరవనేలేదు.

పిల్లలతల్లి

నలుగురం కలిసి వెళ్లేటప్పుడు నేను నేర్చుకున్నది చెప్తాను. ఒకే క్యాబిన్‌లో సీట్లని వాళ్లు రకరకాల ధరల అరల్లో పెడతారు. చౌక అరలో మూడే సీట్లు మిగిలాయనుకోండి. మీరు నలుగురికి వెతికితే సిస్టమ్ చాలాసార్లు నలుగురికీ చోటున్న పై అర ధర చూపిస్తుంది, ఆ మూడు చౌక సీట్లు మీకు కనిపించనే కనిపించవు. కాబట్టి మొదట ఒక్కరికి వెతకండి, తర్వాత ఇద్దరికి, ముగ్గురికి. ధర ఎక్కడ ఎగిరిందో చూసి విడగొట్టి కొనండి. మొన్న వేసవిలో ముగ్గురికి ఒక బుకింగ్, మా ఆయనకి విడిగా ఒకటి తీసుకున్నాం, బాగా కలిసొచ్చింది.

కానీ పిల్లల్ని మాత్రం ఎప్పుడూ పెద్దవాళ్ల పీఎన్ఆర్‌లోనే ఉంచండి. విమానం రద్దయితే ఒక్కో పీఎన్ఆర్‌ని ఒక్కో దారిలో పంపేస్తారు, ఆ టెన్షన్ ఏ ఆదాకీ తూగదు.

కొత్తయాత్ర

మధ్యవర్తి సైట్ల సంగతేమిటండి? నాకైతే ఘోరమైన అనుభవం. విమానం రద్దయింది. ఎయిర్‌లైన్స్‌ని అడిగితే "డబ్బు మీ ఏజెంటుకి పంపాం" అన్నారు. ఏజెంటుని అడిగితే "మాకింకా రాలేదు" అన్నారు. ఐదు నెలలు తిరిగాక వచ్చింది, అదీ వాళ్ల సర్వీసు చార్జీ కోసుకుని.

కిటికీసీటు

అందుకే ఆ సైట్లలో వెతుకుతాను, కొనడం ఎయిర్‌లైన్స్ సొంత సైటులో. గూగుల్ ఫ్లైట్స్‌లో తారీఖుల పట్టిక తెరిస్తే రెండు రోజులు అటూ ఇటూ జరిగితే ఎంత తేడా వస్తుందో ఒక్క చూపులో కనిపిస్తుంది. ధర మారితే మెయిల్ పంపమని పెట్టుకోవచ్చు కూడా. మంగళవారం రాత్రి కొంటే చౌక అనే మాటని నేను ఏడాది పాటు పరీక్షించాను, నాకెక్కడా నిలవలేదు.

అమెరికాకి, అమెరికా నుంచి వెళ్లే విమానమైతే ఒక మంచి నిబంధన ఉంది. ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు ఎయిర్‌లైన్స్ దగ్గరే కొంటే, 24 గంటల్లో రద్దు చేసుకుని మొత్తం డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. లేదంటే డబ్బు కట్టకుండానే ఆ ధర 24 గంటలు పట్టి ఉంచుతారు. రెండిట్లో ఏదో ఒకటి వాళ్లు ఇచ్చి తీరాలి.

రాత్రిఫ్లైట్

హక్కుల మాట వచ్చింది కాబట్టి ఇవి కూడా. ఐరోపా యూనియన్ దేశం నుంచి బయల్దేరే విమానం గమ్యానికి మూడు గంటలు, అంతకుమించి ఆలస్యంగా చేరితే, తప్పు సంస్థదైతే, దూరాన్ని బట్టి 250, 400 లేదా 600 యూరోల పరిహారం అడగొచ్చు. టికెట్ ఎంత చౌకగా కొన్నారన్నది లెక్కలోకి రాదు.

బ్యాగు పగిలితే అక్కడికక్కడే కౌంటర్‌లో రాయించండి. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకి వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం రాతపూర్వక ఫిర్యాదుకి 7 రోజులే గడువు, ఆలస్యంగా చేరిన బ్యాగుకైతే చేతికొచ్చిన నాటి నుంచి 21 రోజులు. ఇంటికెళ్లి తీరిగ్గా చూద్దామనుకుంటే చేయి దాటిపోతుంది. మూసే ముందు తెరిచిన పెట్టెని ఒక ఫొటో తీసి ఉంచుకోండి.

నేరుగావెళ్తా

అన్నీ చదివాను. ఒక్క మాట కాదంటాను. అరవై దాటినవాళ్లకి డీల్ వెతకొద్దు. నేరుగా వెళ్లే విమానం ఉంటే ఎక్కువైనా అదే కొనండి. మా అత్తగారు విమానం మారడానికి మధ్యలో ఎనిమిది గంటల లేఓవర్‌లో ఇనుప కుర్చీలో కూర్చుని, దిగేసరికి కాళ్లు వాచిపోయి ఉన్నారు. ఆ తర్వాత నేను ధర పక్కన ప్రయాణ సమయం కూడా రాసుకుంటున్నాను.

మైల్స్‌ఖాతా

ఇది నిజం. నేను మైల్స్‌ని ఎక్కువగా ఇలాంటిచోటే వాడతాను. నేరుగా వెళ్లేది డబ్బుతో కొనలేనంత ఉన్నప్పుడు మైల్స్ అక్కరకొస్తాయి. క్రెడిట్ కార్డు పాయింట్లని మైల్స్‌గా మార్చేవాళ్లు మాత్రం మైల్స్‌తో దొరికే సీటు కళ్లారా చూశాకే మార్చండి. మామూలుగా అవి ఒకసారి మారితే వెనక్కి రావు.

సూట్‌కేసు

అందరికీ చాలా థాంక్స్ అండి. మైల్స్‌ఖాతా గారు చెప్పినట్టు ఫోన్ చేశాను. నలభై నిమిషాలు లైన్‌లో ఉంచినా, ఆ అమ్మాయి ఓపిగ్గా వెతికింది. కూటమిలోని ఇంకో సంస్థలో నేరుగా వెళ్లే విమానం, రెండు సీట్లు దొరికాయి. తారీఖు మూడు రోజులు జరపాల్సి వచ్చింది. సర్‌చార్జి మొదట అడిగినదాంట్లో ఐదో వంతు కూడా లేదు. మనిషికి 23 కిలోల బ్యాగు టికెట్‌లోనే ఉంది, ఈసారి ఆ లైను మెయిల్‌లో రెండుసార్లు చదివి నాన్నకి కూడా చదివి వినిపించాను. అదే ఫోన్‌లో అమ్మకి వీల్‌చైర్ కూడా చెప్పేశాను, దానికి డబ్బేమీ తీసుకోలేదు. కనీసం 48 గంటల ముందు చెప్పాలన్నారు.

తూకం నిన్న వచ్చింది. ఇంకా రెండు వారాలున్నా నాన్న అప్పుడే పెట్టె సర్దేసి, కొక్కేనికి తగిలించి నన్ను పిలిచారు. 22.4 చూపించింది. ఇంకో ఆరు వందల గ్రాములు పడుతుందని, అమ్మ శాలువా తెచ్చి పైన పెట్టారు.