ఆసుపత్రి కంప్యూటర్లన్నీ లాక్ అయిపోయాయి, డబ్బు కట్టమంటున్నారు, ఏం చేయాలి?

మహేంద్రతనయ_ఒడ్డు

అందరికీ నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఐదేళ్లుగా రిసెప్షన్ చూస్తున్నాను. ఇరవై పడకల ఆసుపత్రి, పేరు చెప్పను. మొన్న సోమవారం పొద్దున ఏడున్నరకి వచ్చి కంప్యూటర్ ఆన్ చేస్తే డెస్క్‌టాప్ మీద ఫైళ్లన్నీ తెల్ల కాగితాల్లా కనిపించాయి, ఏది నొక్కినా తెరుచుకోదు, ప్రతి ఫైలు పేరు చివర ఏవో పిచ్చి అక్షరాలు. మధ్యలో ఒక నోట్‌ప్యాడ్ ఫైలు. మీ ఫైళ్లకి తాళం వేశాం, మూడు రోజుల్లో ఈ మెయిల్‌కి రాయకపోతే రేటు రెట్టింపు అని ఇంగ్లీషులో ఉంది. నాది ఒక్కటే అనుకున్నాను. ల్యాబ్ వాళ్లు కేకేశారు, తర్వాత ఫార్మసీ, బిల్లింగ్, ఆఖరికి డయాలసిస్ గదిలో ఉన్నది కూడా అంతే.

సోమవారం మాకు తిరునాళ్లలా ఉంటుంది. పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచి ఆంధ్రా వాళ్లు, కాశీనగర్ నుంచి, గుమ్మ, సెరంగో కొండల నుంచి సవర వాళ్లు అందరూ ఆ రోజే వస్తారు. తెల్లారుజామున బయల్దేరి వచ్చినవాళ్లకి రిపోర్టు లేదని చెప్పడం ఎంత కష్టమో. ఒక ముసలమ్మ నా కౌంటరు చెక్క పట్టుకుని, "ఏటమ్మా, కంప్యూటర్లోనే ఉందన్నావు గదా, కాగితం ఎందుకు దండగ అన్నావు గదా" అంది. నిజమే, అన్నాను. రెండు వారాల కిందట నేనే అన్నాను.

డయాలసిస్‌కి వచ్చే పెద్దాయన ఒకాయన ఉన్నారు. ఆయన డ్రై వెయిట్ (ఒంట్లో ఎక్కువ నీరు లేనప్పటి బరువు) ఎంత, పోయినసారి ఎంత నీరు తీశారు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎంత ఇచ్చారు, అన్నీ సిస్టమ్‌లోనే. టెక్నీషియన్‌కి చెమటలు పట్టేశాయి. ఆ పెద్దాయన చొక్కా లోపల జేబులోంచి ఒక పాలిథిన్ కవరు తీశారు, అందులో నాలుగు మడతలు పెట్టిన చీటీలు, ఒక్కో చీటీ మీద తారీకు, బరువు, వాళ్ల మనవడు ఒడియాలో రాసినవి. ఆ చీటీలు చూసుకునే ఆ రోజు డయాలసిస్ చేశారు.

బ్యాకప్ ఉందిలే అనుకున్నాం. సీపీయూ వెనకాల ఒక హార్డ్ డిస్క్ ఎప్పుడూ గుచ్చే ఉంటుంది, అదీ పోయింది. సాఫ్ట్‌వేర్ పెట్టిన కుర్రాడు శ్రీకాకుళం నుంచే రిమోట్‌లో చూసుకుంటాడు, ఫోన్ చేస్తే ఫార్మాట్ కొట్టేద్దాం అంటున్నాడు. ఇటు మా డాక్టరుగారు నన్ను పిలిచి నువ్వే ఏదో మెయిల్ నొక్కి ఉంటావు అన్నారు, అందరి ముందూ. ఆ కంప్యూటర్లో నేను మెయిలే తెరవను. రెండు రోజులుగా అన్నం సహించడం లేదు.

అడగాలనుకున్నది ఇదీ: డబ్బు కడితే వస్తాయా? కట్టకుండా ఏదైనా దారి ఉందా? ఇది నా వల్లే జరిగిందా?

రాయగడ_టు_వైజాగ్

చెల్లెమ్మా, ముందు ఆఖరి ప్రశ్నకి జవాబు చెప్తాను. నువ్వు రాసిందాన్ని బట్టి నీ వల్ల జరిగినట్టు నాకు అనిపించడం లేదు. రిమోట్‌లో చూసుకుంటాడు అన్నావే, ఆ తలుపు రాత్రీ పగలూ ఇంటర్నెట్‌కి తెరిచే ఉంటుందా? దాని పాస్‌వర్డు ఏమిటి? ఇలాంటి తలుపుల కోసం ప్రోగ్రాములతో ప్రపంచమంతా వెతుకుతూనే ఉంటారు, అది పర్లాకిమిడా ప్యారిసా అని చూడరు. దొరికిన తలుపు మీద వేల పాస్‌వర్డులు వరసగా కొట్టి చూస్తారు. శనివారం రాత్రి లోపలికి వచ్చి ఆదివారమంతా తీరిగ్గా పని కానిచ్చుకుని సోమవారం పొద్దునకి నీకు అప్పజెప్పడం వాళ్లకి మామూలే, సెలవు రోజున చూసేవాడు ఉండడు కదా.

ఇప్పుడు చేయాల్సింది. ఫార్మాట్ మాత్రం కొట్టనివ్వద్దు, ఎవరు చెప్పినా సరే. అన్ని కంప్యూటర్లకీ నెట్ వైరు పీకెయ్యండి, వైఫై ఆపండి. ఆ నోట్‌ప్యాడ్ ఫైలు, తాళం పడిన ఫైళ్లు రెండు మూడు వేరే పెన్‌డ్రైవ్‌లో దాచండి, స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తియ్యండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. కేంద్రంలో సైబర్ దాడుల సంగతి చూసే సెర్ట్-ఇన్ అని ఒక సంస్థ ఉంది, 2022 ఏప్రిల్‌లో వాళ్లిచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటిది తెలిసిన ఆరు గంటల్లోగా సంస్థలు వాళ్లకి చెప్పాలి. మీకు ఆ టైము దాటిపోయింది, అయినా ఇప్పుడే చెప్పండి, దాచిపెట్టకండి. తర్వాత నో మోర్ రాన్సమ్ అనే సైటు చూడండి. 2016లో యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, రెండు యాంటీవైరస్ కంపెనీలు కలిసి మొదలుపెట్టారు, అక్కడ మీ ఫైలు ఒకటి పెడితే ఏ రకం తాళమో చెప్తుంది. కొన్ని రకాలకి తాళంచెవి ఉచితంగానే దొరుకుతుంది. అన్నిటికీ ఉండదు, కానీ ఈ రోజు లేనిది ఆర్నెల్లకి రావచ్చు, అందుకే ఆ డిస్క్‌లు పారెయ్యకుండా పక్కన పెట్టమంటున్నాను.

గుణుపూర్_మెడికల్స్

ఇవన్నీ వినడానికి బాగుంటాయి. పేషెంట్లు గుమ్మంలో నిలబడి ఉంటే కేసులు, సైట్లు అంటే ఎలా? ఎంత అడుగుతున్నారో కనుక్కుని, బేరమాడి కట్టేసి పని చూసుకోవడం మేలు. మాకు తెలిసిన హోల్‌సేలు షాపు వాళ్లు కట్టారు, ఫైళ్లు వచ్చాయి.

రాయగడ_టు_వైజాగ్

అన్నా, మీ బాధ అర్థమైంది, కానీ కట్టినంత మాత్రాన మర్నాడు పొద్దున్నే పని మొదలవుతుందని లేదు. అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ అని పెట్రోలు, డీజిలు తీసుకెళ్లే పెద్ద కంపెనీ, 2021 మేలో దానికి ఇలాగే జరిగింది. బయటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి వచ్చే వీపీఎన్‌లో, ఎవరూ వాడని ఒక పాత ఖాతా పాస్‌వర్డుతో లోపలికి వచ్చారు. కంపెనీ వాళ్లు భయపడి పైప్‌లైనే ఆపేశారు, బంకుల దగ్గర క్యూలు కట్టారు జనం. 75 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి లెక్కన దాదాపు 44 లక్షల డాలర్లు కట్టారు. తీరా తాళం తీసే ప్రోగ్రాము ఇస్తే అది ఎంత నెమ్మదిగా నడిచిందంటే, తమ సొంత బ్యాకప్‌ల నుంచే మళ్లీ పని మొదలుపెట్టుకోవాల్సి వచ్చింది. మీ షాపు వాళ్లకి ఫైళ్లు రావడం మంచిదే, కానీ దొంగలు లోపలికి వచ్చిన దారి మూశారా లేదా అడగండి. మూయకపోతే మళ్లీ వస్తారు.

తెల్ల_కోటు_అమ్మ

అమ్మాయ్, నేను బరంపురంలో ముప్పై ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. కంప్యూటర్ల సంగతి బాబు చెప్పాడు, నేను వార్డు సంగతి చెప్తాను.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఇదే జరిగింది. దేశంలో అంతకంటే పెద్దాసుపత్రి ఏది? ఐదు సర్వర్లు పడ్డాయి, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి తాళం పడిందని ప్రభుత్వమే పార్లమెంటుకి చెప్పింది. ఓపీ చీటీలు, బిల్లులు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ చేత్తో రాశారు, దాదాపు రెండు వారాలు. ఈ-హాస్పిటల్ అనే వాళ్ల ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ సమాచారం ఉన్న బ్యాకప్ సర్వరు ఒకటి దెబ్బతినకుండా ఉండబట్టి దాన్నుంచి తిరిగి తెచ్చుకున్నారు. నెట్‌వర్క్‌ని సరిగా విడదీయకపోవడమే కారణమన్నారు. మీ దగ్గర రిసెప్షను, ల్యాబు, డయాలసిస్ గది అన్నీ ఒకేసారి పోయాయన్నావు, అంటే మీ దగ్గరా అన్నీ ఒకే తాడు మీద ఉన్నట్టే కదా. అంత పెద్ద చోటే జరిగినప్పుడు ఒక రిసెప్షన్ పిల్లని నలుగురిలో నిలబెట్టి మాట అనడం ఏం న్యాయం? మీ డాక్టరుగారికి ఈ మాట చూపించు, నేనన్నానని చెప్పు.

రికార్డులు మొత్తం పోయాయనుకోకు, వెతికితే చాలా చోట్ల ఉంటాయి. ల్యాబ్‌లో రక్త పరీక్ష చేసే సెల్ కౌంటరు ఉంటుంది కదా, దాని సొంత మెమరీలో పాత ఫలితాలు ఉండిపోతాయి, టెక్నీషియన్‌ని అడిగి వెనక్కి తీయించు. బయటికి పంపిన శాంపిళ్లు, విశాఖకో బరంపురానికో పంపినవి, ఆ ల్యాబుల దగ్గర కాపీలు ఉంటాయి. ఇన్సూరెన్సుకో ఆరోగ్య కార్డుకో పెట్టిన కేసుల స్కాన్లు ఆ పోర్టల్లో ఉంటాయి. రిపోర్టులు వాట్సాప్‌లో పంపుతారా? పంపితే రిసెప్షన్ ఫోన్‌లో అన్నీ ఉన్నట్టే, ముందు ఆ ఫోన్ ఎవరూ రీసెట్ చేయకుండా చూడు. వాటన్నిటికంటే ముందు సికిల్ సెల్ పిల్లలవి, రక్తం ఎక్కించుకునేవాళ్లవి, డయాలసిస్ వాళ్లవి వేరే పుస్తకంలోకి ఎక్కించు. రక్తం గ్రూపు మాత్రం పాత చీటీ చూసి నమ్మేయొద్దు, మళ్లీ పరీక్ష చేయించాల్సిందే. లండన్‌లో 2024 జూన్‌లో పెద్ద ల్యాబ్ కంపెనీ ఒకటి ఇలాగే పడిపోతే ఆసుపత్రులు గ్రూపులు మామూలు వేగంతో చూడలేక, దాదాపు ఎవరికైనా ఎక్కించగలిగే 'ఓ' (O) గ్రూపు రక్తం కావాలి, వచ్చి ఇవ్వండి అని దేశమంతా పిలుపు ఇవ్వాల్సి వచ్చింది.

ఇంకో మాట. పాత రోజుల్లో ప్రతి మంచానికీ ఒక కేస్ షీటు వేలాడేది. అది తీసేసినప్పుడే నాకు మనసు ఒప్పలేదు. కంప్యూటర్ వద్దని నేననను, చేత్తో రాసిన మందు పేరు చదవలేక జరిగిన తప్పులు నా కళ్లతో చూశాను. కానీ మిషన్ ఆగిన రోజు ఎవరు ఏ పుస్తకం తీయాలి, ఎక్కడ రాయాలి అన్నది ముందే తెలిసి ఉండాలి, కరెంటు పోతే జనరేటరు ఎవరు వేస్తారో తెలిసినట్టు.

కాశీనగర్_మిత్ర

అక్కా, నేను బ్యాంకు మిత్రగా చేస్తున్నాను, మా ఊళ్లో వేలిముద్ర పెట్టించి డబ్బులిస్తాను. కౌంటరు ఇవతల కూర్చున్నవాడి బాధ నాకు తెలుసు. 2024 జులై 31న చిన్న బ్యాంకులకి టెక్నాలజీ ఇచ్చే సీ-ఎడ్జ్ అనే కంపెనీ మీద రాన్సమ్‌వేర్ దాడి, అంటే ఇలా తాళం వేసి డబ్బు అడిగే దాడి, జరిగిందని తేలితే, మిగతా వాటికి పాకకుండా యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ వాళ్లు దాన్ని పేమెంట్ల నుంచి విడదీశారు. దేశంలో దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల వాళ్లకి యూపీఐ, ఏటీఎం ఆగిపోయాయి, మర్నాటికి తిరిగి కలిపారు. మా బ్యాంకు అందులో లేదు. అయినా ఆ వార్త ఫోన్లలో తిరిగి, మా దగ్గరికీ జనం పరుగెత్తుకొచ్చి నా డబ్బు ఉందా పోయిందా అని అడిగారు. ఏ బ్యాంకులోనూ ఖాతాలో డబ్బు పోలేదు, తీసుకునే దారి మూసుకుందంతే అని చెప్పడానికి నాకు నోరు ఎండిపోయింది. మీరూ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ఏం జరిగిందో, ఏ రిపోర్టు ఎప్పుడు దొరుకుతుందో ఒడియాలో, తెలుగులో రాసి గుమ్మంలో అంటించండి. ఏమీ చెప్పకపోతేనే జనానికి కోపం వస్తుంది. చదవలేని వాళ్లకి మీరే చదివి వినిపించండి, సవర వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి.

రాయగడ_టు_వైజాగ్

తమ్ముడు మంచి మాట చెప్పాడు. బ్యాకప్ గురించి ఒకటి చెప్పి ఆపుతాను. ఎప్పుడూ గుచ్చి ఉంచిన డిస్క్ బ్యాకప్ కాదు, అదీ అదే కంప్యూటర్‌లో భాగమే. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ మెర్స్క్ అనే ఓడల కంపెనీని పడగొట్టింది, ముంబై పక్కన జేఎన్‌పీటీ రేవులో వాళ్ల టెర్మినల్ కూడా ఆగింది. కంపెనీ మొత్తానికి ఎవరు ఏ కంప్యూటర్‌లోకి రావచ్చో చెప్పే సర్వర్లు ప్రపంచమంతా ఒకదానికొకటి కాపీలుగా ఉండేవి, అన్నీ ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి. ఒక్కటి మిగిలింది, ఘానాలో. ఎందుకంటే ఆ సమయానికి అక్కడ కరెంటు పోయి అది ఆగి ఉంది! నెట్‌లో పంపాలంటే రోజులు పడుతుందని, ఘానా ఉద్యోగికి బ్రిటన్ వీసా లేదని, ఆయన నైజీరియా దాకా విమానంలో వెళ్లి ఆ హార్డ్ డిస్క్ ఇంకొకరి చేతిలో పెడితే వాళ్లు ఇంగ్లండ్ తీసుకెళ్లారు. మనకి కరెంటు కోతలు కొత్త కాదు కాబట్టి ఈ కథ నాకు మనసులో ఉండిపోయింది. మీకు రెండు డిస్క్‌లు చాలు, ఒకటి రాసుకునేటప్పుడు మాత్రమే గుచ్చి తీసేయండి, ఇంకొకటి ఆసుపత్రిలో కాకుండా డాక్టరుగారి ఇంట్లో ఉండాలి, వారానికోసారి మార్చుకోవాలి. నెలకోసారి అందులోంచి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి, తెరుచుకోని బ్యాకప్‌లు చాలా చూశాను. విండోస్ అప్‌డేట్లు ఆపొద్దు. 2017 మేలో వాన్నాక్రై అనే ఇలాంటి వైరస్ వచ్చి ఆంధ్ర పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని ఆగాయి, దాన్ని ఆపే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే మార్చిలో ఇచ్చింది.

మహేంద్రతనయ_ఒడ్డు

అందరికీ చేతులెత్తి నమస్కారం. వారం ఆగి రాస్తున్నాను. పాస్‌వర్డు అడిగారు కదా అన్నా, ఆసుపత్రి పేరు, పక్కన 123. ఆ రిమోట్ తలుపు మూడేళ్లుగా అలాగే తెరిచి ఉందట, పోలీసు స్టేషన్ నుంచి వచ్చిన ఆయన చూసి చెప్పారు. డాక్టరుగారు ఆ సాయంత్రం నా కౌంటరు దగ్గరికి వచ్చి, నిన్ను అనాల్సింది కాదు అమ్మా అన్నారు. అమ్మగారు రాసింది ఆయనకి చూపించాను. డబ్బు కట్టలేదు. తాళంచెవి ఇంకా దొరకలేదు, పాత డిస్క్‌లు బీరువాలో పెట్టాం.

సెల్ కౌంటర్లోంచి చాలా రక్త పరీక్షలు బయటికి వచ్చాయి. వాట్సాప్‌లో పంపినవన్నీ దొరికాయి. ఆ ముసలమ్మ రిపోర్టు అందులో లేదు, ఆమెకి ఫోన్ లేదు కదా, పంపలేదు. మళ్లీ పరీక్ష డబ్బులు తీసుకోకుండా చేశాం, ఈసారి కాగితం మీద ఇచ్చాను, నా చేత్తోనే మడిచి సంచిలో పెట్టాను. ఇంకా ముప్పై ఒక్క మంది ఉన్నారు, అందరూ కొండ ఊళ్ల వాళ్లు, ఫోన్లు లేనివాళ్లు. వాళ్లవి మళ్లీ చేయించుకోవాలని గుమ్మ వైపు ఆశా కార్యకర్తలకి కబురు పంపాను. తొమ్మిది మంది వచ్చారు ఇప్పటికి. సెరంగో వైపు ఎవరైనా తెలిసినవాళ్లు ఉంటే కొంచెం చెప్పండి, పేర్ల జాబితా నా దగ్గర ఉంది, ఇక్కడ పెట్టను, మెసేజ్ చేస్తే ఊరి పేరు చెప్తాను.