పిచ్ పంపాలా, వ్యాసం మొత్తం రాసి పంపాలా?

కొత్తకలం: ఆదివారం అనుబంధానికి ఫ్రీలాన్స్‌గా ఒక ఫీచర్ రాద్దామనుకుంటున్నాను, కొండపల్లి బొమ్మల మీద. ముందు పిచ్ (ఏం రాస్తానో చెప్పే చిన్న ప్రతిపాదన) పంపాలా, మొత్తం రాసేసి పంపాలా?

పాతడెస్క్: పిచ్చే. ఫీచర్ల డెస్కులో పన్నెండేళ్లు చేశాను. ‘కొండపల్లి బొమ్మల గురించి రాస్తాను’ అంటే అది టాపిక్ మాత్రమే, పండక్కి అలాంటివి బోలెడు వస్తాయి. ‘బొమ్మలు చెక్కే తెల్లపొణికి కర్ర దొరకడం కష్టమవుతోంది. ఒక కుటుంబం కర్ర కోసం ఎంత తిరుగుతోందో వాళ్లింట్లో రెండు రోజులుండి రాస్తాను. 900 పదాలు, ఫొటోలు నావే’ అనండి. అది కథనం. ఎవరితో మాట్లాడారో కూడా రాయండి. ఐదారు వాక్యాలు చాలు.

మగ్గంవీధి: నేను ఒప్పుకోనండి. తెలుగులో మొదట్నుంచీ రచన మొత్తం రాసి, ‘ఇది నా సొంతం, ఇంకెక్కడికీ పంపలేదు’ అని హామీపత్రం జతచేసి పంపడమే పద్ధతి. పిచ్ అంటే మన ఐడియా వాళ్ల చేతిలో పెట్టడం. వానాకాలంలో మగ్గం గుంతల్లోకి నీళ్లొచ్చి నేత ఆగిపోవడం మీద ఒక పత్రికకు పిచ్ పంపాను. జవాబు లేదు. రెండు నెలలకు అదే విషయం వాళ్ల రిపోర్టర్ పేరుతో వచ్చింది.

చిన్నమాట: ఐదారు ఎందుకు, మూడు వాక్యాలు చాలు.

పాతడెస్క్: ఆలోచనకు కాపీరైట్ ఉండదు, దాన్ని రాసిన తీరుకే ఉంటుంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందే ఇది. గుంతల్లోకి నీళ్లు రావడం ఏటా ఉండేదే, ఇద్దరికీ తట్టి ఉండొచ్చు.

మగ్గంవీధి: కోర్టు సంగతి నేనడిగానా? నా పిచ్‌లో పేరు రాసిన నేతగాడే ఆ వ్యాసంలోనూ ఉన్నాడు! వాళ్లావిడ చెంబుతో గుంతలో నీళ్లు తోడుతూ చెప్పిన మాటతో సహా!

పాతడెస్క్: అయితే తప్పే. పేరు, ఊరు రాయకుండా ‘ఒక నేత కుటుంబం’ అంటే సరిపోయేది.

చిన్నమాట: ఇందాక ఎవరితో మాట్లాడారో రాయమన్నారు కదా?

పాతడెస్క్: ఎలాంటి మనిషో రాయండి, పేరు వద్దు. మొత్తం రాసి పంపాక వాళ్లు వద్దంటే పదిహేను రోజుల తిరుగుడు, బస్సు చార్జీలు ఎవరిస్తారండీ?

మగ్గంవీధి: వద్దంటే నాకు బాధే లేదు. అనరు! హామీపత్రం ఇచ్చాక ఇంకోచోటికి పంపలేను, వాళ్లేమో నోరు విప్పరు. ఆ పిచ్‌కు ‘వద్దు’ అని ఒక్క మాట వచ్చుంటే మర్నాడే ఇంకో పత్రికకు పంపేదాన్ని. నా గొడవంతా అదే.

పాతడెస్క్: అది నిజం మేడమ్. మేమూ జవాబిచ్చేవాళ్లం కాదు. నేను విప్పి చూడని మెయిళ్లే ఎన్నో. తప్పే చేశాను. అందుకే పిచ్ చివర గడువు పెట్టమంటాను.

మగ్గంవీధి: పొగరనుకోరా?

పాతడెస్క్: నేననుకునేవాణ్ణి కాదు.

కొత్తకలం: ఇలా రాశాను: ‘కొండపల్లిలో బొమ్మలు చెక్కే ఒక తండ్రీకూతుళ్లు తెల్లపొణికి కర్ర కోసం పడే పాట్ల మీద 900 పదాలు రాస్తాను. ఇద్దరితో మాట్లాడాను. ఫొటోలు నావే. మూడు వారాల్లో జవాబు రాకపోతే వేరే పత్రికకు పంపుకుంటాను.’

మగ్గంవీధి: బాగుందమ్మా. పండగ దగ్గర పడింది, రెండు వారాలని పెట్టు.