ఆస్పత్రి వార్డులో అమ్మకు పగలు గడవడం లేదు, ఏం ఇవ్వాలి?

అమ్మకు 79 ఏళ్లు. తుంటి ఎముక ఆపరేషన్ అయి జనరల్ వార్డులో ఉంది. నొప్పి అదుపులోనే ఉంది, జ్వరం లేదు. బాధల్లా ఒంటరితనమే. మమ్మల్ని సాయంత్రం 4 నుంచి 6 వరకే లోపలికి రానిస్తారు. ఉదయం డాక్టర్ల రౌండ్స్ అయ్యాక పలకరించే మనిషే ఉండరు. మధ్యాహ్నమంతా కునుకు తీసి, రాత్రి 2 గంటలకు లేచి "ఇంటికి తీసుకెళ్లండి" అని నర్సును పిలుస్తోంది. పెద్ద వయసులో ఆపరేషన్ తర్వాత పగలూ రాత్రీ తారుమారైతే అయోమయం, డెలీరియం (ఉన్నట్టుండి మనసు గందరగోళమై తికమకపడే స్థితి) వచ్చే ప్రమాదం ఎక్కువ. మా టెన్షన్ అదే.

ఫోన్‌లో వీడియోలు పెట్టిచ్చాం. శుక్లాల వల్ల తెర మసకగా కనిపిస్తుంది, పొరపాటున వేలు తగిలి ఆగిపోతే మళ్లీ పెట్టుకోవడం అమ్మకు చేతకాదు. ఇయర్‌ఫోన్స్ వినికిడి మిషన్‌తో కుదరలేదు. పక్క బెడ్ ఆవిడతో మాట కలిసిందనుకునేలోపే ఆమె డిశ్చార్జ్ అయిపోయారు. పెద్ద అంకెల గడియారం ఎదురుగా పెట్టాక మాత్రం కాస్త నయం. నర్సులు మంచివాళ్లే, వాళ్లకు ఊపిరి సలపడం లేదు.

ఎడమ చేతికి సెలైన్ సూది ఉంది. చూపు పెద్దగా అవసరం లేకుండా, కుడిచేత్తోనే, పక్కవాళ్లకు ఇబ్బంది కాకుండా మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా చేసుకోగలిగే పని, మీ పెద్దవాళ్లకు నిజంగా ఉపయోగపడింది ఏదైనా ఉందా?