పిరేయస్ నుంచి సిఫ్నోస్: పెద్ద ఓడా, హైస్పీడా?

కాకినాడ_కల్యాణి: నమస్తే అండీ. ఆగస్టు మొదటి వారంలో అమ్మానాన్నలతో గ్రీస్ వెళ్తున్నాం. ఏథెన్స్‌లో రెండు రోజులు, సిఫ్నోస్ దీవిలో మూడు రాత్రులు. ఆ దీవికి ఎయిర్‌పోర్ట్ లేదు, పిరేయస్ రేవు నుంచి సముద్రం మీదే పోవాలి. హైస్పీడ్ అంటే వేగంగా పోయే ఫెర్రీ, దాదాపు మూడు గంటలట, పెద్ద ఓడ ఐదు గంటల పైనేనట. హైస్పీడ్ టికెట్ బాగా ఎక్కువ. అసలు సమస్య మా అమ్మ. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగినప్పటి నుంచి పడవ పేరెత్తితేనే వణుకు. ఏది తీసుకోమంటారు?

నిదానం_రావు: పెద్ద ఓడ. ఇందులో ఆలోచించడానికేముంది?

ఆగస్టు అంటే ఏజియన్ సముద్రంలో మెల్టెమి రోజులు. ఉత్తరం నుంచి కొట్టే గాలి అది. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది, నీళ్లు మాత్రం నురగలు కక్కుతుంటాయి. ఆ గాలికి ముందు ఆగిపోయేవి హైస్పీడ్లే. గాలి ఇంకా పెరిగితే అప్పుడు పెద్దవాటినీ ఆపుతారు. ఆ నిషేధాన్ని అక్కడ అపగొరెఫ్టికో అంటారు, రేవులో ఆ మాట వినపడిందంటే బెంచీ వెతుక్కోవడమే.

ఎక్కడం కూడా చెప్తాను. ఓడ వెనక ర్యాంప్ దించుతారు. లారీలు, కార్లు, బైకులు, పెట్టెలు లాక్కుంటూ మనుషులు, అందరికీ అదే దారి. లోపల లారీల పక్కనే సామాను అరలుంటాయి, వాటి మీద దీవి పేరు రాసి ఉంటుంది. మా ఆవిడ ఒకసారి సిఫ్నోస్ పెట్టెని మిలోస్ అరలో పెట్టింది. దిగేటప్పుడు ఆ అర ముందు అరడజను లగేజీలు అడ్డం, వెనక లారీవాడి హారన్! సామాను పెట్టేశాక పై డెక్‌కి వెళ్లి అమ్మగారిని గాలి తగిలేచోట కూర్చోబెట్టండి. దూరంగా ఆకాశం, నీళ్లు కలిసే గీత చూస్తూ కూర్చుంటే కడుపులో తిప్పదు.

విశాఖ_వెన్నెల: రావుగారు మొదలుపెట్టారు. ఐదు గంటలంటే ఐదు గంటలేనా అండీ? గంట ముందు రేవుకి వెళ్లాలి, ఓడ దారిలో కిథ్నోస్‌లో ఆగుతుంది, సెరిఫోస్‌లో ఆగుతుంది. మూడు రాత్రుల ట్రిప్పులో రానూపోనూ రెండు పగళ్లు ఓడకే. హైస్పీడ్‌లో సీటు నంబరిస్తారు, ఏసీ ఉంటుంది, కాఫీ తాగేలోపు సగం దూరం పోతారు.

బందరు_బుల్లోడు: పిరేయస్ కాదండీ, అక్కడివాళ్లు పిరెయాస్ అంటారు.

నిదానం_రావు: ఏసీలో కూర్చుని కవర్లో వాంతి చేసుకోవడానికి అంత డబ్బు పెట్టాలా? చాలా హైస్పీడ్లలో బయట నిలబడే చోటే ఉండదు. డెక్ ముఖ్యం.

విశాఖ_వెన్నెల: నేను టైమ్ గురించి చెప్తుంటే మీరు డెక్ అంటారేంటి?

నిదానం_రావు: డెక్ లేకపోతే ఓడెందుకు, విమానం ఎక్కొచ్చుగా.

విశాఖ_వెన్నెల: సిఫ్నోస్‌కి విమానం లేదనేగా ఆవిడ అడిగింది!

అత్తిలి_అచ్యుతం: ఏదెక్కినా అరగంట ముందు మందుబిళ్ల వేయించండి, డాక్టర్ని అడిగి. ఇంకోటి, ట్రిప్పులో ఆదివారం పడేలా చూసుకోండి. సిఫ్నోస్‌లో శనివారం రాత్రి సెనగలు మట్టికుండలో పోసి కట్టెల పొయ్యిలో తెల్లవార్లూ ఉంచుతారు, ఆదివారం తింటారు. రెవితాదా అంటారు. అచ్చం మన గుగ్గిళ్లే, తాలింపు ఒక్కటే తక్కువ.

మౌనిక_మెల్‌బోర్న్: పెద్ద ఓడలు మునగవన్నట్టు రాస్తున్నారు. 2000 సెప్టెంబరులో ఎక్స్‌ప్రెస్ సమీనా అనే పెద్ద ఓడే పారోస్ దీవి దగ్గర రాళ్లకి గుద్దుకుని మునిగింది. దాదాపు 80 మంది పోయారు.

నిదానం_రావు: భయపడే మనిషి గురించి అడిగితే ఇప్పుడు అది చెప్పాలా తల్లీ?

విశాఖ_వెన్నెల: ఆవిడ నిజం చెప్తే కోపం. సరే, నేనూ ఒకటి చెప్తా. 2023లో ఇక్కడే ఇదే ప్రశ్న నేనడిగాను. ఇదే రావుగారు పెద్ద ఓడ అన్నారు, విన్నాను. తిరిగొచ్చే రోజు గాలికి ఆ పెద్ద ఓడా ఆగిపోయింది. చంటిపిల్లాడితో రేవు దగ్గర కాఫీ కొట్లో తొమ్మిది గంటలు కూర్చున్నాం. మర్నాడు ఏథెన్స్ చేరేసరికి హైదరాబాద్ ఫ్లైట్ వెళ్లిపోయింది. కొత్త టికెట్లకి అప్పు చేశాం.

నిదానం_రావు: చివరి రాత్రి ఏథెన్స్‌లోనే ఉండమని ఆ రోజే రాశాను. పాత చర్చ తీసి చూడండి.

విశాఖ_వెన్నెల: రాశారు, చివర్లో ఒక్క ముక్క.

ఒంగోలు_వకీలు: గాలి వల్ల రద్దయితే టికెట్ డబ్బు వెనక్కివ్వాలి, లేదా వేరే ఓడలో పంపాలి. యూరోపియన్ యూనియన్ నిబంధన 1177/2010. హోటల్ ఖర్చు మాత్రం వాతావరణం కారణమైతే ఇవ్వక్కర్లేదు.

విశాఖ_వెన్నెల: టికెట్ డబ్బు ఇచ్చారు సార్. ఫ్లైట్ డబ్బు ఎవరిస్తారు? రావుగారూ, మీరు జర్మనీలో ఉంటారు, ఏడాదికి ముప్పై రోజుల సెలవని మీరే చాలాసార్లు రాశారు. నేను మేనేజర్‌ని బతిమాలి వారం తెచ్చుకున్నాను. అందులో రెండు రోజులు విమానాలకే. ఇంకో రోజు "గాలి రావచ్చు" అని ఏథెన్స్‌లో ఊరికే కూర్చోవాలంటే నాకు మిగిలేదేంటి?

నిదానం_రావు: అలాంటప్పుడు దీవికి వెళ్లడమే తప్పు. రెండు మూడు రాత్రులకి సిఫ్నోస్ ఎందుకు? ఫొటోలకా?

విశాఖ_వెన్నెల: అదీ! ఇప్పుడు బయటపడింది. మీ బాధ ఓడ గురించి కాదు. సెలవు తక్కువున్నవాళ్లు అక్కడికి రావడమే మీకు నచ్చదు.

నిదానం_రావు: అలా అనలేదు. మా నాన్నని హైస్పీడ్‌లో తీసుకెళ్లాను. కిటికీ నిండా ఉప్పు మరకలు, దారంతా ఏమీ కనపడలేదు. దిగాక "సముద్రం చూపిస్తానన్నావు కదరా" అన్నారు. అందుకే చెప్తున్నా.

విశాఖ_వెన్నెల: అది మీ నాన్నగారి సంగతి. కల్యాణిగారి అమ్మ సముద్రం చూడాలనుకోవట్లేదు, దాటితే చాలనుకుంటున్నారు.

బందరు_బుల్లోడు: ఒక్కరు కూడా పిరెయాస్ అని మార్చుకోలేదు.

తణుకు_తమ్ముడు: అక్కా, 2022లో మెట్రో బ్లూ లైన్‌ని రేవు దాకా పొడిగించారు. ఎయిర్‌పోర్ట్ నుంచి రైలు మారకుండా దిగొచ్చు. గేట్ నంబర్ టికెట్‌లో చూసుకోండి. ఈ1 గేట్ అయితే చాలా దూరం, ఎండలో పెద్దవాళ్లని నడిపించకండి.

కాకినాడ_కల్యాణి: అందరికీ థ్యాంక్సండీ, కొట్టుకోకండి. రావుగారు రాసింది అమ్మకి చదివి వినిపించాను. మిగతాదంతా వదిలేసి "లారీలు కూడా ఎక్కుతాయా అందులో?" అంది. ఎక్కుతాయన్నాను. "లారీలెక్కే ఓడైతే వస్తా" అంది. వెళ్లేటప్పుడు పెద్ద ఓడే బుక్ చేశాం. దీవిలో రెండు రాత్రులే ఉండి, చివరి రాత్రి ఏథెన్స్‌లో.

విశాఖ_వెన్నెల: మంచిది. వచ్చేటప్పుడు?

కాకినాడ_కల్యాణి: ఇంకా తేల్చుకోలేదండీ. పొద్దున హైస్పీడ్ ఒకటి ఉంది.

నిదానం_రావు: అమ్మా, వచ్చేటప్పుడు కూడా…