కొత్త లేజర్ మాడ్యూల్ పవర్ తక్కువ చూపిస్తోంది, వెనక్కి పంపాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. 1550 నానోమీటర్ల లేజర్ సోర్స్ మాడ్యూల్ ఒకటి కొత్తగా వచ్చింది, ఫైబర్ అవుట్‌పుట్. టెస్ట్ షీటులో 0 డీబీఎం (కాంతి పవర్‌కు కొలత) అని ఉంది. నా పవర్ మీటర్ మాత్రం −4 దగ్గర ఆడుతోంది. మాడ్యూల్‌ను మీటర్‌కు కలిపే చిన్న ఫైబర్ తీగకు, అంటే జంపర్‌కు, వేలు తగిలితే చాలు, అంకె మారిపోతోంది. మొబైల్ కెమెరాతో చూసినా వెలుగు కనబడలేదు. రేపటికల్లా తేల్చి చెప్పాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
అప్పుడే పంపేయకండి. ముందు ఆ కెమెరా పరీక్ష మానేయండి. దాని సెన్సర్ సిలికాన్‌ది, సుమారు 1100 నానోమీటర్లు దాటితే దానికి ఏమీ కనబడదు. 850 నానోమీటర్ల సోర్స్‌కైతే ఆ చిట్కా పనికొస్తుంది. మన కంటికీ 1550 కనబడదు కాబట్టి ఫైబర్ కొసను దయచేసి కంటి ముందు పెట్టుకోవద్దు. మాడ్యూల్ ఆఫ్ చేశాకే కనెక్టర్ విప్పండి.

−4 డీబీఎం అంటే దాదాపు 0.4 మిల్లీవాట్. రావాల్సింది 1 మిల్లీవాట్. వేలు తగిలితే మారుతోందంటే నా అనుమానం కనెక్టర్ మీదే. మాడ్యూల్ కొస ఏ రంగు? జంపర్ ఏ రంగు?

ప్రశ్న అడిగినవారు:
మాడ్యూల్ కొస ఆకుపచ్చ, జంపర్ నీలం. అడాప్టర్‌లో రెండూ బాగానే కూర్చున్నాయండి.

జవాబు:
కూర్చుంటాయి, చిక్కంతా అక్కడే. ఆకుపచ్చది ఏపీసీ రకం కనెక్టర్, దాని ముఖం 8 డిగ్రీలు వాలుగా అరగదీసి ఉంటుంది. నీలం రంగుది యూపీసీ రకం, దానికి ఆ వాలు ఉండదు. రెండూ కలిపితే మధ్యలో గాలి సందు మిగిలి కాంతి పోతుంది. కొంత వెనక్కి తిరిగి లేజర్‌లోకే వెళ్తుంది. లోపల ఐసొలేటర్ (వెనక్కి వచ్చే కాంతిని ఆపే భాగం) లేకపోతే పవర్ ఊగడానికి అది కూడా కారణమే. ఒకవైపు ఏపీసీ, ఇంకోవైపు మీ మీటర్‌కు సరిపోయే కొస ఉన్న సింగిల్ మోడ్ జంపర్ తెచ్చుకోండి. బిగించే ముందు రెండు ముఖాలనూ స్కోప్‌లో (ఫైబర్ కొసను పెద్దదిగా చూపే పరికరం) చూడండి. కాంతి నడిచే కోర్ వెడల్పు 9 మైక్రాన్ల లోపే, ఒక్క దుమ్ము రేణువు చాలు దాన్ని మూసేయడానికి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పీచు వదలని గుడ్డతో తుడవండి.

మరొకరి జవాబు:
పై సలహా సరైనదే. పనిలో పనిగా మీటర్‌లో తరంగదైర్ఘ్యం 1550కి పెట్టారో లేదో చూడండి. 850లో ఉండిపోతే అసలు కంటే ఎక్కువ చూపి మోసం చేస్తుంది.

ఒక్క రీడింగ్‌తో మాత్రం మాడ్యూల్ బాగుందని సంతకం పెట్టకండి. పావుగంట వేడెక్కనిచ్చి, ఉష్ణోగ్రత 25 డిగ్రీల దగ్గర నిలిపి, కరెంట్‌ను 2 మిల్లీయాంప్‌ల చొప్పున పెంచుతూ పవర్ రాసుకోండి, షీటులోని గరిష్ఠ కరెంట్ దాటకుండా. థ్రెషోల్డ్ (లేజర్ పనిచేయడం మొదలయ్యే కరెంట్) వరకు పవర్ దాదాపు ఉండదు, అక్కడి నుంచి గ్రాఫ్ గీత నిటారుగా లేస్తుంది. థ్రెషోల్డ్ షీటు కంటే బాగా ఎక్కువై, గీత వాలు తగ్గితే డయోడ్ దెబ్బతిన్నట్టే. స్టాటిక్ విద్యుత్ తగిలినా ఇలా కావచ్చు, అందుకే దాన్ని భూమిలోకి పంపే మణికట్టు పట్టీ లేకుండా పిన్నులు ముట్టుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
జంపర్ మార్చాను. స్కోప్‌లో పాత జంపర్ ముఖం సరిగ్గా మధ్యలో నల్ల మచ్చ కనబడింది! ఇప్పుడు −0.3 డీబీఎం, గంటసేపు కదల్లేదు. థ్రెషోల్డ్ షీటులో 10 మిల్లీయాంప్‌లు, నాకు 10.4 వచ్చింది. మాడ్యూల్ ఉంచేసుకుంటున్నాను. ఇద్దరికీ ధన్యవాదాలండి.