అమ్మ, పిన్ని, అత్తమ్మ, వదినలతో మలేషియా ఆరు రోజులు: తిండి సంగతులు తెలిసినవాళ్లు చెప్పండి

రుషికుల్య:
బరంపురం నుంచి ఆరుగురం ఆడవాళ్లం: అమ్మ, పిన్ని, అత్తమ్మ, ఇద్దరు వదినలు, నేను. మగాళ్లెవరూ రావట్లేదు. కౌలాలంపూర్ 3 రోజులు, పెనాంగ్ 3. ముందు తిండి, తర్వాతే గుళ్లూ షాపులూ. అత్తమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. పిన్నికి షుగరు. మిగతావాళ్లం గొడ్డుమాంసం తప్ప ఏదైనా తింటాం. విశాఖ నుంచి ఎక్కాలా, భువనేశ్వర్ నుంచా? ఊరగాయ ఎలా పట్టుకెళ్లాలి? అత్తమ్మ ఏం తినాలి? పెనాంగ్‌కి రైలా బస్సా? తలకి ఖర్చెంత?

మహేంద్రగిరి:
విశాఖే. కౌలాలంపూర్‌కి నేరుగా ఎయిర్ ఏషియా 2024 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది, గాల్లో నాలుగు గంటలు. ఇప్పుడు తిరుగుతోందా, ఏ రోజుల్లో అన్నది టికెట్టు కొనేముందు చూసుకోండి, చవక విమానాలవాళ్లు రోజులు మార్చేస్తుంటారు. భువనేశ్వర్ మీకు దగ్గరే గానీ మధ్యలో విమానం మారాల్సివస్తే ఆ దగ్గర ఎందుకూ పనికిరాదు. చవక టికెట్టులో చేతిసామాను రెండు సంచులూ కలిపి 7 కేజీలే. ఆరుగురికీ తలో పెట్టె కొనక్కర్లేదు, ముగ్గురి పేరున 20 కేజీల చొప్పున కొంటే చాలు. టికెట్టుతోపాటే కొనండి, కౌంటర్ దగ్గర కొంటే వాయించేస్తారు.

2023 డిసెంబర్ 1 నుంచి మనకి 30 రోజుల వరకూ వీసా అక్కర్లేదు. 2026 చివరిదాకా పొడిగించారు. డిజిటల్ అరైవల్ కార్డు మాత్రం దిగే రోజుకి ముందు 3 రోజుల్లోపు ఎవరిది వాళ్లకి నింపాలి. ఉచితం. డబ్బడిగే సైటు కనిపిస్తే మూసేయండి, అది సర్కారుది కాదు.

గుణుపురం గుంట:
పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర (కొన్ని దేశాలకి పనికెళ్లేముందు ఎమిగ్రేషన్ తనిఖీ కావాలనే ముద్ర) ఉందో లేదో ఎవరూ అడగరేం? పదో తరగతి సర్టిఫికెట్టు చూపించలేని, యాభై ఏళ్లు దాటనివాళ్ల పాస్‌పోర్టు అలాగే వస్తుంది, మలేషియా ఆ జాబితాలోని దేశం. ఊరు చూడ్డానికి వెళ్లేవాళ్లకి ఎమిగ్రేషన్ క్లియరెన్సు అక్కర్లేదు, అది పనికి వెళ్లేవాళ్లకి. అయినా కౌంటర్లో నిలేసి అడుగుతారు. రానూపోనూ టికెట్టు, హోటల్ బుకింగు అచ్చు తీసి అమ్మ చేతిలో పెట్టండి, మీ ఫోన్లో ఉంటే చాలదు. వరసలో ఆవిడ ముందుంటే మీరు వెనక చిక్కుకుంటారు.

అప్పడాల అత్త:
బరంపురంలో ఉండి ఊరగాయ ఎలా పట్టుకెళ్లాలని అడగడమేంటమ్మా! గాజుసీసా వద్దు. మందపు ప్లాస్టిక్ డబ్బాలో మూడొంతులు నింపి, పైన ఒక వంతు ఖాళీ వదిలి, పైకి తేలేలా నూనె పోసి, మూత చుట్టూ టేపు వెయ్యండి. చేతిసంచిలో పెట్టొద్దు, నూనె అని తీసి పారేస్తారు. పెట్టెలోనే.

కొరాపుట్ కాఫీ:
ఆ ఖాళీయే కొంప ముంచేది. విమానం పైకెళ్లాక లోపలి గాలి ఒత్తిడి మన కొండలకంటే పైనున్నట్టు తగ్గుతుంది, సామాన్ల అరలోనూ అంతే. డబ్బాలోని గాలి మూడో వంతు దాకా ఉబ్బుతుంది. పెట్టె పడుకోబెడతారు కాబట్టి మూత దగ్గరుండేది గాలి కాదు, నూనె. ఉబ్బిన గాలి నూనెని మరల్లోంచి బయటికి తోస్తుంది. ఖాళీ ఎంత ఎక్కువుంటే అంత కారుతుంది.

అప్పడాల అత్త:
గొంతుదాకా నింపితే మూత తిప్పేటప్పుడే పొంగుతుంది. అటుపైన టేపు అంటుకోదు, నూనె మీద టేపు నిలవదని చిన్నపిల్లకైనా తెలుసు. సైన్సు తర్వాత చెప్పండి, ముందు ఒక జాడీ కలిపి చూపించండి.

కొరాపుట్ కాఫీ:
టేపు నూనెని ఎప్పుడూ ఆపదు, నింపినా నింపకపోయినా. అందుకే డబ్బాయే వద్దంటున్నా.

జయపురం జాడీ:
ఇద్దరూ అసలు మాట వదిలేశారు. ఊరగాయ ఏ నెలది? కొత్తావకాయ కలిపిన మొదటి వారాల్లో ముక్క ఇంకా ఊరుతూ గాలి వదుల్తుంది, దాన్ని ఎందులో బిగించినా ఉబ్బుతుంది. పాతది, కనీసం రెండు మూడు నెలలు ఊరింది తీసుకోండి. జల్లెడలో వేసి రాత్రంతా నూనె వడకట్టి, 250 గ్రాముల చొప్పున దళసరి కవర్లలో పెట్టి, గాలి మొత్తం నొక్కేసి, వేడితో మూతి అతికించండి. ఒక అతుకు చాలదు, వేలెడు ఎడం ఇచ్చి రెండో అతుకు వెయ్యాలి. అతికేచోట చుక్క నూనె ఉన్నా అతుకు పట్టదు, పొడిగుడ్డతో తుడవాలి. దానిపైన ఇంకో కవరు, ఆపైన న్యూస్‌పేపరు. ఊరగాయ కొట్లలో కవరు అతికే మిషను ఉంటుంది, బతిమాలితే వేసిపెడతారు.

అప్పడాల అత్త:
నూనె తీసేస్తే అది ఊరగాయా? బూజు పట్టదూ?

జయపురం జాడీ:
ఆరు రోజులకి బూజేంటి అత్తా, ఉప్పు లేదా అందులో?

పర్లాకిమిడి పిల్ల:
బరంపురం ఊరగాయల్లో ఉప్పు తప్ప ఇంకేముంది గనక 😀

అప్పడాల అత్త:
మీ పర్లాకిమిడిలో కొమ్ముల పని చేసుకోండి తల్లీ, తిండి జోలికి రాకండి.

పర్లాకిమిడి పిల్ల:
సరే, తిండి గురించే రాస్తా, ఎందుకంటే అత్తమ్మగారి ప్రశ్నకి ఒక్కరూ జవాబివ్వలేదు.

అక్కడ "వెజిటేరియన్" అంటే కోడిముక్క కనపడకపోవడం, అంతే. ఆకుకూరలో కూడా బెలాచన్ వేస్తారు, అది ఎండు రొయ్యపొట్టుని పులియబెట్టిన ముద్ద. నాసి లెమాక్ (కొబ్బరిపాల అన్నం) పక్కనుండే ఎర్ర కారంలో నెత్తళ్లుంటాయి. పళ్లముక్కల రోజాక్ మీద పోసే నల్లపాకమూ రొయ్యదే. కాబట్టి "వెజ్" అని ఊరుకోకండి, మూడూ పేరుపేరునా చెప్పండి: తక్ నాక్ బెలాచన్, తక్ నాక్ ఇకాన్ బిలిస్, తక్ నాక్ తెలూర్. (రొయ్యముద్ద వద్దు, నెత్తళ్లు వద్దు, గుడ్డు వద్దు.)

మన పెద్దవాళ్లు బోల్తాపడేది దాల్చా దగ్గర. మామక్ హోటళ్లలో, అంటే అక్కడి తమిళ ముస్లింల హోటళ్లలో, అచ్చం ముక్కల పప్పులా వంకాయ, బంగాళాదుంపలతో ఉంటుంది. అడుగున ఎముకలుంటాయి. పప్పు కావాలంటే "దాల్" అనే అడగాలి. రోటి చనాయ్ (మన పరోటాలాంటిది) చెప్పినప్పుడు "కువా దాల్ సహాజా" (పప్పు పులుసు మాత్రమే) అనకపోతే పైన చేపలకూర పోసేస్తారు. ఆ పిండిలో కొందరు గుడ్డు కూడా కలుపుతారు, అదీ అడగాలి.

రుషికుల్య:
అయ్యబాబోయ్. మరి అత్తమ్మ ఆరు రోజులూ ఏం తినాలి?

పర్లాకిమిడి పిల్ల:
కౌలాలంపూర్‌లో బ్రిక్‌ఫీల్డ్స్, పెనాంగ్‌లో లెబు పసార్ చుట్టూ ఉన్న లిటిల్ ఇండియా. బయట "శుద్ధ శాకాహారం" అని రాసున్న కొట్టు చూసుకుని అరిటాకు భోజనం పెట్టించండి. అన్నం ఉప్పుడుబియ్యమా పచ్చిబియ్యమా అని అడుగుతారు. అన్నం, కూరలు మారు వడ్డిస్తారు. తిన్నాక ఆకు మీవైపుకి మడవాలి, అవతలకి మడిస్తే చావుభోజనం లెక్క. రెండో దారి, చైనా బౌద్ధుల శాకాహార కొట్లు. చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు, కార్తీకమాసంలో వెళ్లినా ఇబ్బంది లేదు. మాంసంలా కనపడే ముక్కలు పళ్లెంలో చూసి అత్తమ్మగారు లేచిపోకుండా, అవి సోయా అని ముందే చెప్పి తీసుకెళ్లండి. తీపికి చెండోల్: బియ్యప్పిండి పోగులు, కొబ్బరిపాలు, తాటిబెల్లం, మంచు. అందులో గుడ్డూ చేపా ఉండవు. కాయా అనే పచ్చజాము మాత్రం గుడ్డుతో చేస్తారు.

రంభ రొయ్య:
ఎంతసేపూ శాకాహారమేనా? మిగతా అయిదుగురి సంగతో? గొడ్డుమాంసం వద్దనుకుంటే ఒక గుర్తు చెప్తా. చైనావాళ్ల కొట్లలో గొడ్డుమాంసం అరుదు, వాళ్లలో చాలామంది భక్తితో మానేస్తారు. కానీ పందికొవ్వు ఉంటుంది. మామక్, మలయా కొట్లలో పంది ఉండదు, గొడ్డుకూర పక్క గిన్నెలోనే ఉంటుంది, గరిటె ఒకటే. "డాగింగ్" అంటే మాంసమే గానీ అక్కడ గొడ్డుదనే అర్థం. మేకపోతుకి "కంబింగ్" అనాలి.

పెనాంగ్‌లో ఆరుగురున్నారని ఆరు ప్లేట్లు చెప్పకండి. ఒక్కో రకం రెండేసి చెప్పి అందరూ పంచుకుంటే ఒక పూటలో ఏడెనిమిది రకాలు పడతాయి. ముందు ఒకర్ని బల్ల దగ్గర కూర్చోబెట్టండి, బల్ల నంబరు గుర్తుపెట్టుకోండి, ఒక్కో బండి దగ్గర ఆ నంబరు చెప్తే తెచ్చి పెట్టి డబ్బు తీసుకుంటారు. చిల్లర నోట్లు ఉండాలి. అసం లక్సా మన చింతపండు చేపలపులుసుకి చుట్టమే, పుదీనా, అనాసముక్కలు, లావుపాటి బియ్యపు సేమియాతో. నాసి కందార్‌లో అన్నం మీద కూరలన్నీ కలిపి పోస్తారు; వద్దంటే "అసింగ్" (విడిగా) అనండి. పెద్దరొయ్య, కణవమీను (స్క్విడ్) వేయించుకునే ముందు ధర అడగండి, బిల్లు పేలేది అక్కడే. మంచి బండ్లు వారానికి ఒకటి రెండు రోజులు మూతేస్తారు, కొన్ని మధ్యాహ్నానికే అయిపోతాయి.

కొరాపుట్ కాఫీ:
షుగరున్న పిన్నిగారికి: తే తారిక్ అంటే డబ్బాపాలు, చక్కెర కలిపిన టీ, వద్దే వద్దు. "తే ఓ కోసోంగ్" అంటే పాలు, చక్కెర లేని టీ. పాలు కావాలంటే "తే సి కోసోంగ్". కోసోంగ్ అనకుండా "కురాంగ్ మానిస్" అంటే తీపి తగ్గిస్తారు, మానరు. ఇన్సులిన్ ఉంటే చేతిసంచిలోనే, డాక్టరు చీటీతో.

అప్పడాల అత్త:
కాఫీ పేరు పెట్టుకుని టీ పాఠాలు.

గోపాల్‌పూర్ గాలి:
జూన్ నుంచి ఆగస్టు మధ్య వెళ్తే డురియన్ (పనసలాంటి ముళ్లపండు) వదలకండి. హోటల్ గదిలోకి తేనివ్వరు, వాసనకి జరిమానా వేస్తారు. కొట్టు ముందు కుర్చీలోనే తినాలి. ముసాంగ్ కింగ్ రకానికి గుజ్జు కాదు, తొక్కతో కలిపి తూకం వేస్తారు. పిన్నిగారికి ఒక తొన చాలు, చక్కెర మూట అది.

ఇంకో మాట. మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తోటల పనికెళ్లినవాళ్ల సంతతి పేరాక్ రాష్ట్రం బాగాన్ దాతుక్ చుట్టుపక్కల ఇప్పటికీ తెలుగు మాట్లాడతారు.

మహేంద్రగిరి:
గంజాం జనం ఎక్కువగా వెళ్లింది రంగూన్‌కి కదా, మీ గోపాల్‌పూర్ రేవు నుంచే. మలేషియా తర్వాతి సంగతి.

గోపాల్‌పూర్ గాలి:
రంగూన్ సంగతి నేను కాదన్నానా? శ్రీకాకుళం, విశాఖ అన్నాను. చదివి రాయండి.

రుషికుల్య:
రేవుల గురించి ఇంకో చర్చ పెట్టుకోండి బాబూ. పెనాంగ్‌కి రైలా బస్సా?

గుణుపురం గుంట:
రైలు. కేఎల్ (కౌలాలంపూర్) సెంట్రల్ నుంచి పెనాంగ్ ఎదురుగా ఒడ్డునున్న బటర్‌వర్త్‌కి ఈటీఎస్ అనే కరెంటు రైలు, నాలుగు గంటల పైన. దిగి నడిచి ఫెర్రీ ఎక్కితే పావుగంట ఇరవై నిమిషాల్లో జార్జ్‌టౌన్, అంటే పెనాంగ్ ఊరు, మనిషికి 2 రింగిట్లు. బస్సయితే ఊరికి దూరంగా సుంగై నిబోంగ్ స్టాండులో దింపుతుంది, అక్కణ్ణుంచి మళ్లీ బండి. వాళ్ల స్కూలు సెలవుల్లో రైలు సీట్లు ముందే అయిపోతాయి. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఎక్స్‌ప్రెస్ రైలు మనిషికి 55 రింగిట్లు. ఆరుగురు కాబట్టి గ్రాబ్‌లో (ఫోన్లో పిలిచే టాక్సీ) ఆరు సీట్ల బండి చాలా చవక. కానీ ఆరుగురూ ఆరు పెట్టెలూ అందులో పట్టవు. అందుకే మహేంద్రగిరి చెప్పినట్టు మూడు పెట్టెలే.

జయపురం జాడీ:
పెట్టెలో ఎండుకొబ్బరి పెట్టకండి, దానంతటది వేడెక్కి అంటుకునే సరుకని విమానాల్లో ఒప్పుకోరు. పోస్తో (గసగసాల) పొట్లం కూడా తీసేయండి. తిరుగుప్రయాణం సింగపూర్ మీదుగా అయితే గసగసాలు అక్కడ నిషేధం. ముఢీ (మరమరాలు) తీసుకెళ్లండి, బరువుండదు.

అప్పడాల అత్త:
కొబ్బరికారం కూడా వద్దా?

జయపురం జాడీ:
వద్దు. కందిపొడి పెట్టండి.

రుషికుల్య:
ఖర్చు ఎవరూ చెప్పలేదు.

రంభ రొయ్య:
రొయ్యలు ఎన్ని తింటారో చెప్తే కదా.

అప్పడాల అత్త:
అప్పడాలు స్టీలు డబ్బాలో పెట్టుకెళ్లమ్మా, విరగవు. గదిలో నూనె పెట్టి వేయించకు, పొగకి గంట మోగుతుంది. మైక్రోవేవ్ ఉన్న అపార్ట్‌మెంటు గది తీసుకో, ఒక్కోటి 30 నుంచి 40 సెకన్లు, సగంలో తిరగెయ్యాలి. రెండు వైపులా వేలితో నూనె రాస్తే వేయించినట్టే ఉంటుంది.

పర్లాకిమిడి పిల్ల:
ఇది మాత్రం బాగా చెప్పారు అత్తా.

అప్పడాల అత్త:
ఊరగాయ కూడా బాగానే చెప్పాను. మూడొంతులే నింపాలి.